‘వరల్డ్ వార్ జెడ్’: ఎన్నో గొంతుల కథలోకి ఒక్క హీరో ఎలా వచ్చాడు?

‘వరల్డ్ వార్ జెడ్’ పేరెత్తితే హన్మకొండలో హాలీవుడ్ సినిమాలు వదలకుండా చూసే కుర్రాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. సినిమా మాత్రమే చూసినవాళ్లు జెరూసలేం గోడ సీన్‌తో మొదలుపెడతారు. ఒకరి మీద ఒకరు ఎక్కి, శవాల గుట్టగా లేచి, గోడ దూకే జాంబీల గురించి, అంటే కాటుతో మనుషుల్ని తమలా మార్చేసే నడిచే శవాల గురించి, చేతులు ఊపుతూ చెబుతారు. నవల కూడా చదివినవాళ్లు పెదవి విరుస్తారు. పుస్తకంలోంచి పేరు తప్ప ఏమీ తీసుకోలేదని వాళ్ల ఫిర్యాదు. రెండు జట్లు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. సినిమా ఆడింది, బాగానే ఆడింది. నవలకీ దానికీ చుట్టరికం మాత్రం చాలా దూరం.

ఇలా ఎందుకు జరిగిందో వెతికితే చిక్కంతా ఒక్కచోట కనబడుతుంది. హీరో లేని కథలో హీరోని పెట్టారు. ఆ ఒక్క నిర్ణయంతో రోగం మారింది, దాని వేగం మారింది, ఖర్చు పెరిగింది, చివరికి క్లైమాక్స్ పారేసి మళ్లీ తీయాల్సి వచ్చింది.

ముందు నవల సంగతి. మాక్స్ బ్రూక్స్ రాసిన ఈ పుస్తకం 2006లో వచ్చింది. ఆయన హాస్య చిత్రాల దర్శకుడు మెల్ బ్రూక్స్, నటి ఆన్ బాన్‌క్రాఫ్ట్‌ల కొడుకు. అంతకు మూడేళ్ల ముందే, జాంబీలు వస్తే ఎలా బతకాలో చెప్పే గైడ్ లాంటి పుస్తకం ఒకటి రాశాడు, ఎక్కడా నవ్వు బయటపడకుండా. నవలలో ఆ ఆట చాలా దూరం వెళ్లింది. యుద్ధం అయిపోయింది. మనుషులు గెలిచారు, అంటే కొంతమంది మిగిలారు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగి ఒకడు దేశదేశాలు తిరిగి, మిగిలినవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. పై అధికారులు లెక్కలు ఉంచుకుని మనుషుల మాటలు నివేదికలోంచి కొట్టేశారు. అలా కొట్టేసిన మాటలే ఈ నవల. ఆ ఉద్యోగి పేరు కూడా మనకు చెప్పరు.

అమెరికన్ రచయిత స్టడ్స్ టెర్కెల్ రెండో ప్రపంచ యుద్ధం గురించి మామూలు మనుషుల చేత చెప్పించి 1984లో ఒక పుస్తకం వేశాడు. బ్రూక్స్‌కు దారి చూపింది అదే. తెలంగాణ పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలతో స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అందులో పాలకుర్తి ఐలమ్మ గొంతు కూడా ఉంది. ఇలాంటి పుస్తకంలో ఒకరే కథానాయకురాలు అని చెప్పలేం. ఒకరు దళంలో నడిచిన సంగతి చెబుతారు, ఇంకొకరు వాళ్లకు అన్నం పెట్టిన సంగతి చెబుతారు. అన్నీ కలిస్తేనే పోరాటం. బ్రూక్స్ చేసింది అదే, కాకపోతే జరగని యుద్ధానికి చేశాడు.

ఈ పద్ధతికి ఒక విచిత్రమైన గుణం ఉంది. మాట్లాడుతున్న మనిషి బతికి బయటపడ్డాడని మనకు ముందే తెలుసు. ‘బతుకుతాడా, చస్తాడా’ అనే టెన్షన్ పోతుంది. దాని బదులు ‘ఏం చేసి బతికాడు? ఎవర్ని వదిలేసి బతికాడు?’ అనేది మొదలవుతుంది. నవల బలమంతా అక్కడే.

మొదటి గొంతు చైనాలో ఒక డాక్టరుది. ఒక మారుమూల ఊళ్లో కట్టేసి ఉంచిన పిల్లాణ్ణి చూస్తాడు. ప్రభుత్వం వార్తను తొక్కిపెడుతుంది. రోగం శరణార్థులతో, మనుషుల అక్రమ రవాణాతో, చివరికి దొంగచాటుగా అమ్ముడుపోయిన అవయవాలతో దేశాలు దాటుతుంది. అమెరికాలో ఒక వ్యాపారి పనిచేయని టీకా అమ్మి కోట్లు గడిస్తాడు. జనం అది వేసుకుని ధైర్యంగా ఉంటారు. దక్షిణాఫ్రికాలో ఒక పథకం పుడుతుంది: అందర్నీ కాపాడలేం, కొందర్ని ఎరగా వదిలేసి మిగతావాళ్లను కాపాడుకుందాం. తిట్టుకుంటూనే చాలా దేశాలు ఆ పథకాన్నే పాటిస్తాయి. మన దేశం కూడా ఉంది. గుజరాత్‌లోని అలంగ్‌లో పాత ఓడల్ని విరగ్గొట్టే తీరం ఉంది కదా, జనం అక్కడికి పరుగెత్తుకొస్తారు, పనికిరాని ఓడలైనా సరే ఎక్కి సముద్రంలోకి పోవాలని. ఆ అధ్యాయం చదివాక నాకు జాంబీలు గుర్తులేవు, ఓడల దాకా ఈదలేక మునిగిపోయినవాళ్లు గుర్తున్నారు.

బ్రూక్స్ ఇవన్నీ గాలిలోంచి తీయలేదు. 2003లో సార్స్ వచ్చినప్పుడు చైనా దాచిపెట్టిన తీరు, ఇరాక్ యుద్ధం, 2005లో కత్రినా తుఫాను వచ్చి న్యూఆర్లీన్స్ మునిగితే చేతులెత్తేసిన ప్రభుత్వం, ఇవన్నీ రచయిత కళ్లముందు ఉన్నవే. జాంబీలు ఒక సాకు. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఆఫీసులు, సైన్యాలు, వ్యాపారులు, పత్రికలు ఎలా ప్రవర్తిస్తాయన్నదే అసలు విషయం.

ఇక రోగం. సినిమాకూ నవలకూ మధ్య తేడా అర్థం కావాలంటే ఇక్కడ కాస్త ఆగాలి.

నవలలో జాంబీలు నడుస్తారు, పరుగెత్తరు. కరిచిన వెంటనే మనిషి మారిపోడు. జ్వరం వస్తుంది, కొంత సమయం పడుతుంది. జనం మొదట దాన్ని ‘ఆఫ్రికన్ రేబిస్’ అనుకుంటారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. కాటుతో అంటుకుని, మెదడుకెక్కి, మనిషి ప్రవర్తననే మార్చేసే నిజమైన రోగం మనకు తెలిసింది ఒకటే, అది రేబిస్. కుక్క కరిచిందని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి సూది కోసం వచ్చేవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. కాటుకూ లక్షణాలకూ మధ్య మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోనే రావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో టీకా పనిచేస్తుంది. అందుకే కరిచిన వెంటనే పావుగంటసేపు సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లమంటారు. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

అంటురోగాల లెక్కలో ఆ మధ్యకాలమే కీలకం. రోగం తగిలిన మనిషి ఆరోగ్యంగా కనబడుతూ తిరిగితేనే రోగం దూరాలు పోతుంది. కాజీపేట జంక్షన్ చూడండి. ఢిల్లీ నుంచి చెన్నై పోయే దారి అదే, సికింద్రాబాద్ వైపు చీలేదీ అక్కడే. ఇక్కడి పద్మశాలీలు భివండి మగ్గాల దగ్గర ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. నవలలోని రోగం ఒక్క ప్రయాణికుడి ఒంట్లో చేరినా చాలు, ఎవరికీ తెలియకుండా ఈ దారులన్నీ ఎక్కేస్తుంది. ఆ రోగానికి కాళ్లు మనవే.

సినిమాలో పన్నెండు సెకన్లు. కరిస్తే పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోపు మనిషి జాంబీ. హీరో ఫిలడెల్ఫియాలో నిలబడి లెక్కపెడతాడు కూడా. సరే, మనం కూడా లెక్కపెడదాం. ఒక్కో జాంబీ పన్నెండు సెకన్లకు ఒకర్ని కరుస్తాడనుకుంటే సంఖ్య ప్రతిసారీ రెట్టింపు అవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా ఇరవై సార్లు రెట్టింపైతే పది లక్షలు దాటుతుంది. ఇరవై పన్నెండ్లు 240 సెకన్లు. నాలుగు నిమిషాలు! టీ చల్లారేలోపు పది లక్షల నగరం పోయింది. కాగితం మీదే అనుకోండి, నిజానికి మనుషులు అంత దగ్గరదగ్గరగా దొరకరు.

అయితే ఇంత వేగంలోనే దాని బలహీనత ఉంది. కాజీపేటలో కాటు పడ్డవాడు హన్మకొండ చౌరస్తా దాకా కూడా మనిషిగా రాలేడు. రైలు టికెట్ కొనలేడు, విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపించలేడు. మరి రోగం ఖండాలు ఎలా దాటింది? విమానాల వల్లే అని సినిమాలో ఒక పాత్ర ఒక మాట అనేసి వెళ్లిపోతుంది. పన్నెండు సెకన్లకు ఆ మాటకు పొత్తు కుదరదు. ఒక ఊరిని కాల్చేయడానికి వేగం పనికొస్తుంది, ప్రపంచాన్ని కాల్చడానికి నిదానం కావాలి. నవల రచయితకు ఈ సంగతి తెలుసు. సినిమావాళ్లకు తెలియదని అనను. వాళ్ల అవసరం వేరు.

ఆ అవసరం ఎలా పుట్టిందో చూద్దాం. నవల హక్కుల కోసం బ్రాడ్ పిట్ నిర్మాణ సంస్థ ప్లాన్ బీ, లియొనార్డో డికాప్రియో సంస్థ పోటీపడ్డాయి. పిట్ గెలిచాడు. జాంబీల ముసుగులో ప్రపంచ రాజకీయాల గురించి చెప్పవచ్చన్నది అతని మొదటి ఆలోచన. మొదటి స్క్రీన్‌ప్లే జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ రాశాడు. అందులో నవల పద్ధతి చాలావరకు ఉంది: యుద్ధం ముగిశాక ఒక మనిషి తిరుగుతూ అడుగుతాడు, జనం చెబుతారు. తర్వాత మాథ్యూ మైఖేల్ కార్నహాన్ వచ్చి తిరగరాశాడు. జరిగిపోయిన యుద్ధం కాస్తా ఇప్పుడే జరుగుతున్న యుద్ధం అయింది. అడిగి రాసుకునే ఉద్యోగి జెర్రీ లేన్ అనే మాజీ ఐక్యరాజ్యసమితి దర్యాప్తు అధికారి అయ్యాడు. అతనికి భార్య, ఇద్దరు ఆడపిల్లలు, వాళ్లను కాపాడుకోవాలన్న తాపత్రయం వచ్చి చేరాయి. పాత్రలో బ్రాడ్ పిట్.

దీన్ని పూర్తిగా తప్పుపట్టలేం. మన తెలుగులోనూ 1970, 80 దశకాల్లో నవలలు వరసగా సినిమాలయ్యాయి. యద్దనపూడి ‘సెక్రటరీ’, యండమూరి ‘అభిలాష’ తెర మీదకు హాయిగా ఎక్కాయంటే వాటిలో ముందే ఒక మనిషి, ఒక పట్టుదల, ఒక అడ్డంకి ఉన్నాయి. బ్రూక్స్ నవలలో అలాంటిది లేదు. పేజీ తిప్పితే మనిషి మారిపోతాడు, దేశం మారిపోతుంది. దాదాపు 19 కోట్ల డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలు పెట్టే స్టూడియో, పోస్టర్ మీద ఎవరి మొహం వేయాలని అడుగుతుంది. అడగకపోతే ఆశ్చర్యపోవాలి.

హీరో వచ్చాక కాలం కుంచించుకుపోవాలి. ఏళ్ల తరబడి సాగిన యుద్ధాన్ని ఒక్కడు మోయలేడు. కొన్ని రోజుల్లో తేలిపోవాలి. కొన్ని రోజుల్లో ప్రపంచం కూలాలంటే రోగం పరుగెత్తాలి. పైగా సినిమాను పదమూడేళ్ల పిల్లలు కూడా చూడగలిగే రేటింగ్‌లో విడుదల చేయాలి, లేకపోతే పెట్టిన డబ్బు రాదు. అంటే రక్తం చూపించకూడదు. ఒక సైనికురాలి చెయ్యి నరికే సీన్ ఉంది, చెయ్యి తెగడం మనకు కనబడదు. రక్తం లేకుండా భయపెట్టాలంటే మిగిలింది సంఖ్య, వేగం. ఒక్కొక్క జాంబీ మొహం చూపించే బదులు వేలమందిని వరదలా పారించారు. పాత జాంబీ సినిమాల అభిమానులు ఇదేం జాంబీ అని విసుక్కున్నారు కానీ, ఈ వరద ఆలోచన సినిమాకు ఒక సొంత ముద్ర ఇచ్చిందని ఒప్పుకోవాలి.

గోడ సీన్ గురించి విడిగా చెప్పుకోవాలి. జెరూసలేం చుట్టూ పెద్ద గోడ కట్టి ఇజ్రాయెల్ సురక్షితంగా ఉంటుంది. రోగం సంగతి ముందే ఎలా పసిగట్టారని జెర్రీ అడిగితే, ఒక భారత సైనికాధికారి పంపిన సందేశం దొరికిందని, అందులో ‘రాక్షసులతో’ పోరాడుతున్నామని ఉందని అక్కడి గూఢచారి చెబుతాడు. మొత్తం సినిమాలో మన వాటా దాదాపు ఆ ఒక్క మాటే. తొమ్మిదిమంది ఒక అభిప్రాయానికి వస్తే పదోవాడు తప్పనిసరిగా కాదనాలన్న నియమం గురించి కూడా చెబుతాడు. 1973 యుద్ధంలో మోసపోయాక నేర్చుకున్న పాఠం అంటాడు. ఆ యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగంలో ఎదురు వాదన వినిపించడానికే ఒక శాఖ పెట్టిన మాట నిజం.

లోపలికి వచ్చిన శరణార్థులు సంతోషంతో మైకు పట్టుకుని పాడతారు. ఆ చప్పుడుకు బయట జాంబీలు రెచ్చిపోయి గుట్టగా లేస్తారు. (పెళ్లి బరాత్‌లకు డీజే పెట్టే మన వరంగల్‌కు ఆ లెక్కన మొదటి రోజే మూడింది.)

గోడల సంగతి ఓరుగల్లువాళ్లకు కొంచెం తెలుసు. కాకతీయుల కోటకు లోపల రాతిగోడ, బయట అగడ్త, ఆ బయట మట్టికోట. 1310లో ఢిల్లీ సేనలతో మాలిక్ కాఫుర్ వచ్చి ముట్టడించాడు. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడిని వర్ణించాడు. అగడ్త పూడ్చారు. గోడ మీదకు వందమంది ఒకేసారి నడిచి ఎక్కేంత వెడల్పుగా ఒక మట్టి గుట్ట కట్టాలనుకున్నారు. అది రోజులు పట్టే పనని చివరికి నేరుగా ఎక్కి మట్టికోట పట్టుకున్నారు. అయితే లోపలి రాతికోటను బద్దలు కొట్టలేదు. ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు, సంపద ఇచ్చాడు, సేన వెనక్కి వెళ్లింది.

ముట్టడి అంటే ఇదీ. బయటివాడికి తిండి కావాలి, చచ్చినవాళ్ల లెక్క ఉంటుంది, ఇంకెన్ని రోజులు ఉండగలనన్న బెంగ ఉంటుంది. లోపలివాడికీ అంతే. గోడ చేసే పని శత్రువును పూర్తిగా ఆపడం కాదు, ఎక్కాలంటే ఎంత నష్టమో వాడి చేత లెక్కపెట్టించడం. జాంబీకి ఆ లెక్క లేదు. సాటి జాంబీల వీపులే వాడికి మట్టి గుట్ట. గోడ సీన్ చూస్తుంటే ఒళ్లు జలదరించడానికి కారణం గ్రాఫిక్స్ ఒక్కటే కాదని నేననుకుంటాను. బేరం కుదరని శత్రువును చూడటం అది.

తమాషా ఏమిటంటే నవలలో ఈ మాటే ఇంకో చోట ఉంది. న్యూయార్క్ దగ్గర యోంకర్స్ అనే చోట అమెరికా సైన్యం టీవీ కెమెరాలు పెట్టించుకుని మరీ జాంబీలతో తలపడుతుంది. ట్యాంకులు, బాంబులు, కొత్త రకం ఆయుధాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ శత్రువును బెదరగొట్టడానికి తయారైనవి. పక్కవాడు చస్తే వెనక్కి పరుగెత్తే శత్రువు మీద పనిచేస్తాయి. జాంబీ బెదరడు, పరుగెత్తడు, నడుస్తూనే ఉంటాడు. చివరికి బెదిరింది సైన్యమే. నవలలో అందరూ చెప్పుకునే ఘట్టం ఇది. సినిమాలో లేదు. కానీ దాని సారం జెరూసలేం గోడ మీదకు ఎక్కింది. పేరు తప్ప ఏమీ తీసుకోలేదన్న మాట అందుకే పూర్తిగా నిజం కాదు.

ఇప్పుడు నిర్మాణం. దర్శకుడు మార్క్ ఫోర్‌స్టర్. షూటింగ్ 2011లో మాల్టాలో మొదలైంది. జెరూసలేంగా కనబడేది మాల్టానే. ఫిలడెల్ఫియాగా కనబడేది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. మొదట అనుకున్న క్లైమాక్స్‌లోని మాస్కో యుద్ధం కోసం హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లారు. అక్కడ 2011 అక్టోబరులో ఉగ్రవాద నిరోధక పోలీసు బలగాలు వచ్చి సినిమా కోసం తెప్పించిన తుపాకులు 85 పట్టుకున్నాయి, అవి నిజంగా పేలే తుపాకులని. కేసు తర్వాత కొట్టేశారు. జాంబీ సినిమా షూటింగ్‌కు ఉగ్రవాద నిరోధక దళం రావడం, ఆ సినిమా కథకన్నా ఎక్కువ నాటకీయంగా ఉంది.

మొదట అనుకున్న క్లైమాక్స్ ఏమిటంటే, జెరూసలేం నుంచి విమానంలో బయటపడ్డ జెర్రీ మాస్కోలో దిగుతాడు. అతన్ని పట్టుకుని రష్యా సైన్యంలో కలిపేస్తారు. చలిలో జాంబీలు మందగిస్తారని కనిపెడతాడు. రెడ్ స్క్వేర్‌లో పెద్ద యుద్ధం. అక్కడితో భార్యాపిల్లల్ని వెతుక్కుంటూ అమెరికా వైపు బయల్దేరతాడు. అంటే సినిమా ముగియదు, రెండో భాగం కోసం ఆగుతుంది. ఇదంతా తీశారు. ఎడిటింగ్ బల్ల మీద చూసుకుంటే పనిచేయలేదు. 2012 డిసెంబరులో రావాల్సిన సినిమాను 2013 జూన్‌కు జరిపారు. రచయిత డామన్ లిండెలాఫ్‌ను పిలిచి చూపించారు. అతను రెండు దారులు చెప్పాడు: ఉన్నదానికి అతుకులు వేయడం, లేదా చివరి భాగం మొత్తం తీసేసి కొత్తది రాయడం. రెండోది ఖరీదైనది. నిర్మాతలు దాన్నే ఎంచుకున్నారు. లిండెలాఫ్ మొదలుపెట్టింది ఇంకో రచయిత డ్రూ గొడార్డ్ పూర్తి చేశాడు. 2012 చివర్లో మళ్లీ కెమెరాలు తిరిగాయి.

మనవైపు సినిమా వదిలాక చాయ్ హోటల్ దగ్గర వినబడే మాట ఒకటుంది: ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ పోయింది. ఈ సినిమా విషయంలో ఆ మాట తిరగబడింది. కొత్త క్లైమాక్స్ చిన్నది. వేల్స్‌లోని కార్డిఫ్ దగ్గర ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనశాల. పొడవాటి వరండాలు, గాజు తలుపులు, తిరుగుతున్న కొద్దిమంది జాంబీలు, అడుగు తీసి అడుగు వేసే ముగ్గురు మనుషులు. ఖాళీ డబ్బా ఒకటి కాలికి తగిలితే ప్రాణం పోతుంది. మాస్కోలో వేలమందిని నరికినా రాని భయం, ఒక్క జాంబీ పళ్లు కటకటలాడిస్తే వచ్చింది. సినిమా మొత్తంలో నాకు నచ్చిన ఇరవై నిమిషాలు ఇవే. (మధ్యలో హీరో తాపీగా పెప్సీ తాగడం మాత్రం కథ కోసం పెట్టిన సీన్ అని నన్ను నమ్మమనకండి.)

అక్కడ దొరికే పరిష్కారం కూడా చూడాలి. జాంబీలు కొందర్ని ముట్టుకోకుండా పక్కనుంచి వెళ్లిపోవడం జెర్రీ గమనిస్తాడు: జెరూసలేంలో గుండు పిల్లాడు, ఒక ముసలాయన. వాళ్లు ముందే ప్రాణాంతక రోగంతో ఉన్నారు, అలాంటి ఒళ్లు వైరస్‌కు పనికిరాదు అని ఊహిస్తాడు. తనకు తానే ఒక రోగం ఎక్కించుకుని జాంబీల మధ్య నుంచి నడిచి వస్తాడు. ఇది మందు కాదు, మారువేషం. ఆలోచన తెలివైనదే. చావబోయే ఒంట్లో వైరస్‌కు వ్యాపించే సమయం దొరకదు కాబట్టి దాన్ని వదిలేస్తుందన్నది వినడానికి బాగుంది. కానీ ఇక్కడా పన్నెండు సెకన్లే అడ్డు తగులుతుంది. పన్నెండు సెకన్లలో పని ముగించే వైరస్‌కు, ఎదుటివాడు ఇంకో ఆరు నెలల్లో చస్తాడా, అరవై ఏళ్లు బతుకుతాడా అన్నది ఎందుకు? నవలలోలాగా నిదానంగా పాకే రోగమై ఉంటే ఈ క్లైమాక్స్‌కు ఇంకా బలం వచ్చేది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. ఇంత గందరగోళం తర్వాత అందరూ ఫ్లాప్ అనుకున్నారు. ప్రపంచమంతా కలిపి దాదాపు 54 కోట్ల డాలర్లు వచ్చాయి, అప్పటి లెక్కన 3,100 కోట్ల రూపాయల పైమాటే. చాలా ఏళ్లపాటు బ్రాడ్ పిట్ సినిమాల్లో అత్యధిక వసూళ్లు దీనివే.

చైనాలో మాత్రం సినిమా విడుదల కాలేదు. రోగం చైనాలో పుట్టిందన్న ప్రస్తావన తీసేయమని స్టూడియో అడిగినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. సినిమాలో రోగం ఎక్కడ పుట్టిందో తేలదు. దక్షిణ కొరియాలో మొదటి జాడ దొరుకుతుంది, అక్కడితో దారం తెగిపోతుంది. నవలకూ చైనాలో ఇదే గతి పట్టింది. కొన్ని అధ్యాయాలు తీసేస్తే అచ్చు వేస్తామన్నారని, తాను ఒప్పుకోలేదని బ్రూక్స్ 2020లో రాశాడు. డేవిడ్ ఫించర్ దర్శకత్వంలో అనుకున్న రెండో భాగాన్ని 2019లో స్టూడియో ఆపేసింది. దెయ్యాలు, జాంబీల సినిమాలకు చైనా మార్కెట్ మూసుకుని ఉండటం ఒక కారణమని హాలీవుడ్ పత్రికలు రాశాయి. వ్యాధిని దాచిపెట్టే ప్రభుత్వంతో మొదలైన నవల సినిమా అయ్యేసరికి ఆ ప్రభుత్వం మాటే లేకుండా పోయింది. నవల ప్రేమికులు దేనికైనా కోపం తెచ్చుకోవాలంటే వేగంగా పరుగెత్తే జాంబీల మీద కన్నా దీని మీద తెచ్చుకోవాలి.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ రెండిట్లో ఏది నిజానికి దగ్గరగా ఉందో మనమే చూశాం. మార్చిలో కరీంనగర్‌లో విదేశాల నుంచి వచ్చిన కొందరికి పాజిటివ్ తేలగానే, వైద్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగారు. లాక్‌డౌన్ పెట్టగానే పల్లెల్లో పొలిమేర దగ్గర ముళ్లకంపలు అడ్డం వేశారు. పట్నం నుంచి వచ్చిన సొంతూరివాణ్ణి కూడా ఆపి అడిగారు. గత్తర వచ్చిన కాలంలో పెద్దలు ఊరు కట్టడి చేసుకున్న తీరు మళ్లీ కనబడింది. అప్పుడు పరుగులు లేవు, వరదలా మీదపడే గుంపులు లేవు. పద్నాలుగు రోజుల ఎదురుచూపు, వాట్సాప్‌లో తిరిగిన కషాయాలు, నల్లబజారులో అమ్మిన సూదులు, రోడ్డు మీద నడిచిన వలస కూలీలు ఉన్నారు. పనిచేయని మందు అమ్మి బాగుపడే వ్యాపారి బ్రూక్స్ నవలలో ఎందుకున్నాడో అప్పుడు తెలిసింది. లాక్‌డౌన్ తర్వాత తెలుగులో ‘జాంబీ రెడ్డి’ వచ్చింది, 2021లో. అది కథని ప్రపంచమంతా తిప్పలేదు. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లో పెట్టి నవ్వించింది. తన బడ్జెట్ ఎంతో తెలిసిన సినిమా అది.

సినిమా పక్షాన కూడా ఒక మాట ఉంది. కరోనాలో మనం చివరికి నమ్ముకున్నది సైన్యాలను కాదు, పరిశోధనశాలలను. మాస్కో యుద్ధం పారేసి కార్డిఫ్ ల్యాబ్‌లో ముగించడం ఆ రకంగా కూడా మంచి నిర్ణయమే, తీసేటప్పుడు వాళ్లు అంత దూరం ఆలోచించారని కాదు.

మరి నవలను నవలలాగే తీయడం కుదరదా? వెబ్ సిరీస్‌లో కుదురుతుంది. ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో గొంతు, ఒక్కో దేశం. ఆ పని ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. దానికి దగ్గరగా వచ్చింది మాత్రం ఒకటుంది, అది బొమ్మ లేని రూపం. 2007లో ఈ నవల ఆడియో పుస్తకంగా వచ్చింది. ఒక్కరే చదవకుండా ఒక్కో పాత్రకు ఒక్కో నటుడు గొంతు ఇచ్చాడు. 2013లో సినిమా విడుదలకు కాస్త ముందు, మొదటిసారి వదిలేసిన భాగాలు కూడా కలిపి దాన్ని మళ్లీ తెచ్చారు, వినడానికి పన్నెండు గంటలు పడుతుంది. ప్రశ్నలు అడిగే ఉద్యోగి గొంతు బ్రూక్స్‌దే. యోంకర్స్‌లో పోరాడిన సైనికుడికి ‘స్టార్ వార్స్’ నటుడు మార్క్ హామిల్ గొంతు ఇచ్చాడు. ఇంగ్లీషు వినడం అలవాటున్నవాళ్లు ఆ సైనికుడి భాగంతో మొదలుపెట్టవచ్చు.